ముందు సామాను, రాజీ తర్వాత

"ఆ సంతకమేదో పెట్టెయ్యవే తల్లీ, నీ మిషనూ నీ పెట్టే వాటంతట అవే నడుచుకుంటూ వస్తాయి."

2021 చివర్లో మా మావయ్య ఫోన్లో అన్న మాట ఇది. నేనప్పుడు ఒడిశాలోని గుణుపురంలో ఉన్నాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. అప్పట్లో నా సామాను, ఒడిశాలోనే ఉన్న పర్లాకిమిడిలో, అన్నయ్య దగ్గర ఉంది. రెండు ఊళ్ల మధ్యా రైలు నడుస్తోంది. మాటలే నడవడం లేదు.

మావయ్య మంచివాడు. అమ్మ పోయాక మా ఇద్దర్నీ ఒకేలా చూసినవాడు. ఆయన ఉద్దేశం రాజీ చేయడమే. కానీ ఆ మాటతో ఒక సంగతి ఆయనకే తెలియకుండా బయటపడింది. నా కుట్టు మిషన్ తాకట్టులో ఉంది. నేను అప్పు చేయలేదు, నోటు రాయలేదు, వడ్డీ లేదు. అయినా తాకట్టే. విడిపించుకోవడానికి ఇవ్వాల్సింది డబ్బు కాదు, ఇంటి కాగితం మీద సంతకం.

మన ఇళ్లలో పెద్దలు ముందు రాజీ పడండి, సామాను సంగతి తర్వాత చూద్దాం అంటారు. ఆ వరస తప్పని నా వాదన. ముందు ఎవరి సామాను వాళ్లకి వెళ్లిపోవాలి. రాజీ ఎప్పుడవుతుంది, అసలు అవుతుందా అన్నది తర్వాత మాట. "పోరు నష్టం, పొందు లాభం" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. పొందు కోసమే చెబుతున్నాను.

తగువు దేనికో వివరంగా రాయను. ఇల్లు. ఎవరింట్లో చూసినా ఇల్లే కదా. 2021 మాఘమాసంలో నాన్న సంవత్సరీకాలయ్యాయి. భోజనాలయ్యి చుట్టాలు వెళ్లిపోయాక అన్నయ్య ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఇంట్లో నా వాటా వదులుకుంటున్నట్టు. చదివి చెబుతానన్నాను. "చదవడానికేముంది, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం ఉంటే చదవకూడదా అన్నాను. అక్కణ్ణుంచి మాట పెరిగింది. నేనన్నవీ తక్కువేం కాదు. సాయంత్రం బండికి చేతిసంచీ ఒక్కటే పట్టుకుని వచ్చేశాను.

ఇంటి వాటా గురించి చెప్పడానికి ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. 2005లో హిందూ వారసత్వ చట్టం మార్చాక ఆడపిల్లకీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చిందని మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడకి కూడా తెలుసు. ట్రంకు పెట్టె గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

పెట్టెలో నిధులేం లేవు. ఆకుపచ్చ రంగు రేకు పెట్టె. అందులో మూడు బరంపురం పట్టుచీరలు, నా డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లు, అమ్మ రాసిన ఉత్తరాల కట్ట, పెళ్లికి వచ్చిన వెండి గిన్నెలు, కుంకుమ భరిణె. మిషన్ కాలితో తొక్కేది, ఇనుప స్టాండుది. ఉద్యోగం రాకముందు రెండేళ్లు వీధిలో వాళ్లకి జాకెట్లు కుట్టి, ఆ డబ్బు కూడబెట్టి కొన్నాను. పెళ్లయ్యాక మావారి బదిలీలు, అద్దె ఇళ్లు. "అంత బరువు ఎక్కడికని మోస్తావు, ఇక్కడే ఉండనీ" అని నాన్నే ఉంచేశారు. ఇవి కాక అమ్మ చంద్రహారం. దాని కథ వేరే ఉంది, తర్వాత చెబుతాను.

అడగందే అమ్మైనా పెట్టదంటాం. కానీ పుట్టింట్లో అడిగిన ఆడపిల్లకి మనం పెట్టే పేర్లు అందరికీ తెలిసినవే. అందుకని రెండేళ్లు అడగలేదు. పైగా అది నా గొప్పతనమనుకున్నాను. పోనీలే, పాత మిషన్ అమ్మితే మూడు వేలు రావు, దానికోసం అన్నతో పోట్లాడతానా అని. మరి ఆ మిషన్ కథ నా నోట వినని మనిషి గుణుపురంలో లేడు. స్టాఫ్‌రూములో చెప్పాను, రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పాను, పాలవాడికి కూడా చెప్పినట్టున్నాను. నిజంగా వదిలేసినదాని గురించి అన్నిసార్లు చెప్పుకోం. ఒకరోజు మా అమ్మాయే అంది: "అమ్మా, నువ్వు మిషన్ వదిలెయ్యలేదు, మావయ్యని వదిలేశావు." దాని మావయ్యంటే మా అన్నయ్య. పదహారేళ్ల పిల్ల. ఆ పూట దానిమీద కోపమొచ్చింది.

తాకట్టు వ్యవహారంలో చిక్కేమిటంటే, వస్తువు పట్టి ఉంచినవాడు కూడా అందులో ఇరుక్కుంటాడు. మిషన్ ఇచ్చేస్తే ఇంటి విషయంలో మెత్తబడ్డాడనుకుంటారని అన్నయ్య భయం. మిషన్ అడిగితే ఇంటి గురించి గొడవకి దిగిందనుకుంటారని నా భయం. పెద్దవాళ్లు వచ్చి "అన్నీ ఒకేసారి తేల్చేద్దాం" అనేసరికి కుంకుమ భరిణె దగ్గర్నుంచి పెరట్లో కొబ్బరిచెట్టు దాకా అన్నీ ఒకే మూటలో పడ్డాయి. ఆ మూట విప్పే ఓపిక ఎవరికుంది? సులువుగా తేలిపోయేవి కూడా తేలనివాటితో కలిసి మూలపడ్డాయి.

మా పెద్దమ్మ కొడుకు, నాకన్నా చిన్నవాడు, ఇంకో ఉపాయం చెప్పాడు. అన్నయ్యవాళ్లు శ్రీకూర్మం వెళ్తున్నారట. పాత ఇంటి తాళం చెవి నా దగ్గరే ఉంది. టాటా ఏస్ మాట్లాడుకుని వెళ్తే అరగంట పని. "నీ సామాను నువ్వు తెచ్చుకుంటే దొంగతనమా అక్కా?" అన్నాడు. దాచుకోవడమెందుకు, నాకూ ఆశ పుట్టింది. చీర కొంగు నడుముకి దోపి మిషన్ ఒక కొస పట్టుకున్నట్టు ఊహించుకున్నాను కూడా.

మా వీధి చివర కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన తాతగారున్నారు. మాట తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు. ఆయన్ని అడిగితే నవ్వి, "గడియారం కథ తెలుసా నీకు?" అన్నారు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో దొంగతనమంటే ఏమిటో చెప్పే సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలిచ్చారు. 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అవి ఉన్నాయి. ఒకడు తన గడియారాన్ని నగల దుకాణంవాడికి సరిచెయ్యమని ఇస్తాడు. వాడికి బాకీ ఏమీ లేదు. తర్వాత అందరూ చూస్తుండగా దుకాణంలోకి వెళ్లి, వాడి చేతిలోంచి గడియారం లాక్కుని పోతాడు. ఇది దొంగతనం కాదంటుంది చట్టం. కానీ అక్రమంగా చొరబడినందుకు, మీదపడినందుకు నేరం అయివుండొచ్చంటుంది. ఇంకో ఉదాహరణలో అదే మనిషి మరమ్మతు డబ్బు బాకీ ఉంటాడు. దుకాణంవాడు ఆ బాకీకి హామీగా గడియారం ఉంచుకుంటాడు. అప్పుడు ఆ హామీ పోగొట్టాలని గడియారం పట్టుకుపోతే, తన వస్తువే అయినా దొంగతనమే.

"మీ అన్నకి నువ్వేమన్నా బాకీ ఉన్నావా?"

"లేదండీ."

"అయితే పట్టి ఉంచుకునే హక్కు వాడికి లేదు. తాళం తీసి లోపలికి పోయే హక్కు నీకూ లేదు. వస్తువు నీదైనా గడప వాడిది."

ఆయన గడియారం అంటున్నంతసేపూ నాకు ఇంట్లో సొరుగు గుర్తొస్తోంది. నాన్న హెచ్‌ఎంటీ వాచీ. పోవడానికి ముందు సంవత్సరం, స్ప్రింగు పాడైందని, గుణుపురంలో బాగుచేసేవాడున్నాడని నాకిచ్చారు. బాగుచేయించాను. తిరిగివ్వలేదు. నాన్న పోయాక అది నాదే అనుకున్నాను. అన్నయ్య ఒకసారి "నాన్న వాచీ కనబడట్లేదు" అన్నప్పుడు కూడా నోరు మెదపలేదు. తాకట్టు పట్టింది ఆయనొక్కడే కాదన్నమాట.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం రాయాలి. నేను వకీలుని కాను, తాతగారు చెప్పగా విని, తర్వాత న్యాయ సేవల కమిటీ వకీలు దగ్గర సరిచూసుకున్న మాటలివి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. చదువుకున్నవాళ్లం మనమే అది పేదవాళ్లకేలే అని అటువైపు చూడం. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటిది గడువు. దాచిపెట్టమని ఇచ్చిన వస్తువు తిరిగి రాబట్టుకోవడానికి దావా వేయాలంటే మూడేళ్లు. ఆ మూడేళ్లూ మనం అడిగి, అవతలివాళ్లు ఇవ్వననన్న రోజు నుంచి మొదలవుతాయి. తాతగారి మాటల్లో చెప్పాలంటే, "గట్టిగా అడిగి లేదనిపించుకో. ఆ 'లేదు' కూడా నీకు పనికొచ్చేదే." మన ఇళ్లలో ఎవరూ సూటిగా లేదనరు. "చూద్దాంలే", "వీడు డిగ్రీ పూర్తిచెయ్యనీ", "నువ్వే రా ఓసారి". ఇవన్నీ లేదనడమే, కాకపోతే తారీకు ఉండదు. పైగా వస్తువు దాచమని ఇచ్చామా, వాళ్లే అట్టేపెట్టుకున్నారా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. పెట్టుకున్న రోజునుంచే మూడేళ్లనే పద్దు కూడా ఈ గడువులు చెప్పే చట్టంలోనే ఉంది. అందుకని గొడవైన రోజు నుంచే లెక్కపెట్టుకోమన్నారాయన. అప్పటికి 2023 జూన్. ఆ లెక్కన నాకు మిగిలింది ఎనిమిది నెలలు.

రెండోది ఏ ఊరి కోర్టు అన్నది. ఈలోగా అన్నయ్య పాత ఇల్లు ట్యూషన్ సెంటరుకి అద్దెకిచ్చి, పిల్లాడి చదువు కోసం పాతపట్నంలో రెండు గదుల పోర్షన్లోకి మారాడు. నా సామాను కూడా వెళ్లింది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటోలో వెళ్లిపోయేంత దూరం. కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు గీసిన గీత అది. పర్లాకిమిడి జమీందారీనే రెండు ముక్కలు చేసి, మా ఊరిని ఇటు, పాతపట్నాన్ని అటు పెట్టారు. మా ఊరే పంపకాల్లో పోయిన సామాను అని నాన్న నవ్వుతూ అనేవారు. ఆ గీత దాటి నా ట్రంకు పెట్టె ఆంధ్రకి పోయింది.

సరిహద్దు ఊళ్లలో ఇలాంటివాటికి పోలీసుల దగ్గరికి వెళ్లినవాళ్లు చెప్పేది వింటుంటాను. ఇటువాళ్లు అటు పొమ్మంటారట, అటువాళ్లు ఇటు. నిజానికి నమ్మి అప్పగించిన వస్తువు కాజేసిన కేసుని ఆ వస్తువు తీసుకున్న చోటైనా, ఉంచుకున్న చోటైనా, తిరిగి ఇవ్వాల్సిన చోటైనా విచారించొచ్చు. గీత ఇటా అటా అన్నది పెద్ద అడ్డం కాదు. మామూలు సివిల్ దావా అయితే అవతలిమనిషి ఉండే ఊళ్లో వేయొచ్చు. నా విషయంలో అది పాతపట్నం వైపు. అందులో ఒక తమాషా ఉంది. ఒడిశా కోర్టులో నా తెలుగు కాగితాలకి తర్జుమా చేయించాలి. అన్నయ్య ఆంధ్రకి వెళ్లి నాకు ఆ ఖర్చు తప్పించాడు!

మూడోది నాకు బొత్తిగా తెలియని సంగతి. భార్య సొమ్ము భార్యదే, భర్తా అత్తింటివాళ్లూ దాన్ని కాపాడేవాళ్లు మాత్రమే అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. ఇది చాలామంది విన్నదే. 2005 నాటి గృహహింస చట్టం మాత్రం భార్యలకే అనుకుంటాం. ఒకే ఇంట్లో కలిసి బతికిన అక్కచెల్లెళ్లు కూడా దాని కిందికి వస్తారు. మనకి చెందాల్సినవి అందకుండా చేయడం కూడా ఆ చట్టం లెక్కలో హింసే. స్త్రీధనమే కాదు, ఆమెకి చెందిన వేరే ఆస్తి కూడా తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటు ఆదేశించొచ్చు. పైగా ఆమె ఉంటున్న ఊళ్లోనే అర్జీ పెట్టుకోవచ్చు. వకీలమ్మ ఇది చెప్పి నా మొహం చూసింది. వద్దన్నాను. అన్నయ్య జీవితంలో నామీద చెయ్యెత్తలేదు. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దింపిన మనిషి పేరు ఆ కాగితం మీద రాయడానికి చెయ్యి రాలేదు. అది నా సంగతి. గడపలో అడుగుపెడితే కొట్టే అన్నలూ ఉన్నారు. అలాంటిచోటికి ఆటో వేసుకుని ఒక్కర్తే వెళ్లి నాలా సామాను అడగమని నేను చెప్పను. అక్కడ ఆ చట్టాన్నే వాడాలి.

చివరికి ఉత్తరం రాయాలనుకున్నాను. ఉత్తరం కన్నా ముందు జాబితా.

మొదటి రాత్రి పదిహేడు వస్తువులు రాశాను. కోపంలో రాసిన జాబితా పొడుగ్గానే ఉంటుంది. మర్నాడు తాతగారు ఒక్కొక్కటీ అడుగుతూ పోయారు. ఎవరు కొన్నారు? ఎవరిచ్చారు? నీ చేతికిచ్చారా, ఇస్తానన్నారా? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర చాలా రాలిపోయాయి. బంగారం, వెండి, సామాను లాంటి కదిలే ఆస్తిని రిజిస్టరు కాగితం మీద రాసివ్వాలి, లేదా చేతికి అందించాలి. అప్పుడే చట్టం దాన్ని ఇచ్చినట్టు ఒప్పుకుంటుంది. "ఇది నీకేనే" అని అమ్మ పదిసార్లు అన్నా, అమ్మ దగ్గరే ఉండిపోతే అది ఇచ్చినట్టు కాదు. అమ్మ విల్లు రాయకుండా పోతే ఆమెవి కొడుకులకీ కూతుళ్లకీ భర్తకీ సమానంగా వస్తాయి. ఇత్తడి గుండిగ, రోలు, పాత టేకు మంచం అలా నా జాబితాలోంచి పోయి 'ఇద్దరివీ' అన్న కొత్త పద్దులో చేరాయి. మా ఊరి పనివాళ్లు కొమ్ముతో చేసిన కొంగల జత ఒకటుంది. షోకేసులో పెట్టుకునేవాళ్లం. దానికోసం ఎన్ని రాత్రులు కుమిలిపోయానో. ఎవరు కొన్నారని తాతగారు అడిగితే నోరు పెగల్లేదు. అన్నయ్య. మొదటి జీతంతో.

పదిహేడులో పదకొండు మిగిలాయి. ఒక్కోదాని పక్కన సుమారు ధర వేయమన్నారు. రేపు కోర్టుదాకా వెళ్తే, వస్తువు ఇవ్వలేకపోతే ఎంత డబ్బివ్వాలో కూడా తీర్పులో రాస్తారట. అమ్మ ఉత్తరాల పక్కన ఏం వేయాలో తెలియక గీత పెట్టాను. తర్వాత నేనే పేజీ మధ్యలో ఇంకో గీత గీసి, అటువైపు 'నా దగ్గరున్న నీవి, మనవి' అని రాశాను. అన్నయ్య కాలేజీ ఆల్బమ్. వదిన పెట్టి మర్చిపోయిన శాలువా. నాన్న వాచీ.

ఉత్తరానికి మొదట ఎవరిదో నోటీసు నమూనా దగ్గర పెట్టుకుని "మీకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యేసరికి నాకే నవ్వొచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మనం మాట్లాడే భాషలోనే రాసుకుందామని ఆయన జీవితమంతా కొట్లాడారు. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అలాంటి ఊళ్లో పుట్టి సొంత అన్నకి 'ఏమనగా' అని రాయనా? చింపేసి మళ్లీ రాశాను.

"అన్నయ్యా, ఇది ఇంటి గురించి కాదు. ఇంటి సంగతి మనిద్దరికీ తేలినప్పుడు తేలుతుంది. నీ దగ్గరున్న నా వస్తువులు ఈ పదకొండు. నా దగ్గరున్నవి ఈ మూడు. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున్న పదింటికి ఆటో తీసుకుని వస్తాను. నీవి తెస్తాను. అందినట్టు ఇద్దరం రాసుకుందాం. ఈ సామాను ఇచ్చినంతమాత్రాన, పుచ్చుకున్నంతమాత్రాన ఇంటి మీద నీ హక్కు గానీ నా హక్కు గానీ మారదు. ఆ రోజు కుదరకపోతే ఎప్పుడు కుదురుతుందో రాయి. ఇవ్వడం ఇష్టం లేకపోతే అదైనా రాయి."

ఇంతే. వదిన అన్న మాటలు లేవు, నాన్న వైద్యానికి ఎవరెంత ఖర్చు పెట్టారన్నది లేదు. అవన్నీ రాసిన ఇంకో ఉత్తరం ఉంది, నాలుగు పేజీలు. అది పోస్టు చేయలేదు. జాబితా జిరాక్సు తీసుకుని, అక్నాలెడ్జ్‌మెంటు కార్డు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. (ఈమధ్య రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. అందినట్టు రుజువు దొరికే పద్ధతి ఉంది, అడిగి మరీ పెట్టించుకోండి.)

కార్డు అన్నయ్య సంతకంతో తిరిగొచ్చింది. తర్వాత పన్నెండు రోజులు ఏమీ లేదు. ఆ టెన్షన్లో రెండుసార్లు పోస్టాఫీసుకి వెళ్లి, వెళ్లినదానికి స్టాంపులు కొనుక్కుని వచ్చాను. పదమూడో రోజు మావయ్య ఫోన్. "సొంత అన్నకి రిజిస్టర్డ్ పోస్టు పంపిస్తావా? మన వంశంలో ఉందా ఇది?" సొంత చెల్లెలి పెట్టె ఉంచుకోవడం వంశంలో ఉందా అని అడగబోయి ఆగాను. "ఉత్తరం చదివారా మావయ్యా?" అన్నాను. చదవలేదట. ఎవరో చెప్పారట. చదివి చెప్పమన్నాను. ఆయన మళ్లీ చేయలేదు.

ఆ సాయంత్రం వదిన చేసింది. రెండున్నరేళ్లలో మొదటిసారి.

"ఆదివారం వస్తున్నావా?"

"వస్తున్నాను వదినా."

"పెద్ద ఆటో తీసుకురా. రెండు గదుల ఇల్లు, నీ మిషన్ ఎక్కడ పెట్టుకోను? నడవలో పెడితే మీ అన్నయ్య రోజూ దాన్ని తన్నుకుంటున్నాడు. తీసుకుపొమ్మని చెప్పమంటే చెప్పడు, తనంతట తాను ఇవ్వడు."

రెండున్నరేళ్లు నేను తాకట్టు అనుకున్నది వాళ్లింట్లో కాలికి తగిలే అడ్డం. ఇవ్వాలని ఆవిడకి ఎప్పటినుంచో ఉంది. ఎలా ఇవ్వాలో తెలియలేదు. ఇల్లు తేలేదాకా ఏదీ కదపొద్దని పెద్దలు చెప్పారు మరి.

ఆదివారం వెళ్లాను. మావారు వస్తానంటే వద్దన్నాను. బావమరుదులిద్దరూ ఎదురుపడితే మాట ఇంకోవైపు పోతుంది. సాక్షిగా తాతగారి అబ్బాయిని తీసుకెళ్లాను. అతను మా ఇద్దరికీ ఏమీ కాడు. అలాంటి మనిషి ఎదుట అందరం మర్యాదగానే ఉంటాం. వదిన టీ ఇచ్చింది. జాబితా తీసి ఒక్కొక్కటీ చదువుతుంటే అన్నయ్య లోపల్నుంచి తెచ్చి పెడుతున్నాడు. పదకొండులో ఎనిమిది దొరికాయి. సర్టిఫికెట్లు భద్రంగా ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు అన్నయ్యే ప్లాస్టిక్ కవరులో పెట్టి టేపు వేశాడట. ఒక పట్టుచీర మీద పసుపు మరక. ఎవరి పెళ్లికో కట్టుకున్నారు. వదిన నావైపు చూడలేదు, నేనూ ఏమీ అనలేదు. అనకపోవడం ఆ రోజు నేను చేసిన కష్టమైన పని. వెండి గిన్నెల్లో రెండు లేవు. వాటి గురించి "చూస్తాను" అన్నాడు. ఆ మాట కూడా కాగితం మీద రాశాం, తారీకు వేసి.

అందినట్టు రాసుకునే దగ్గర చిన్న పేచీ వచ్చింది. "ఇక నాకు రావాల్సినవేమీ లేవు అని రాయి" అన్నాడు అన్నయ్య. "ఈ ఎనిమిదీ అందాయి" అని మాత్రమే రాశాను. కలం పట్టుకుని ఇద్దరం కాసేపు అలాగే కూర్చున్నాం. నేను వాచీ తీసి బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని విని, కీ ఇచ్చాడు. తర్వాత మాట్లాడకుండా సంతకం చేశాడు. వాచీ ఇద్దరిదీ కదా అని నేను గుర్తుచేయలేదు. ఆయనా నా కాగితంలో ఆ వాక్యం లేదని మళ్లీ అనలేదు.

ఎవరిసాయమూ అడక్కుండా మిషన్ ఒక కొస అన్నయ్యే పట్టుకున్నాడు. ఆటోలో పెట్టి, "బెల్టు తెగిపోయింది, కొత్తది వేయించు" అన్నాడు. అంతే మాట్లాడింది.

దీనివల్ల రాజీ అయిపోయిందా అని అడిగితే, కాలేదు. ఇంటి కాగితం ఇంకా అలాగే ఉంది. కానీ ఇప్పుడు ఇంటి గురించి మాట్లాడేటప్పుడు ఇల్లే మాట్లాడుకుంటున్నాం. ట్రంకు పెట్టె అందులోకి రాదు. మావయ్య మాత్రం తనవల్లే సామాను వచ్చిందని అందరికీ చెబుతున్నాడు. చెప్పుకోనివ్వండి.

ఇక హారం. అది నా పదకొండులో ఒకటి, రాని మూడింట్లో ఒకటి. అమ్మ నా పెళ్లికి తన మెడలోంచి తీసి నా మెడలో వేసింది. ఫొటో ఉంది. నెల తర్వాత అద్దె ఇంట్లో భయమని నేనే అమ్మకిచ్చాను, దాచమని. అమ్మ పోయాక అన్నయ్య లాకర్లోకి వెళ్లింది. నాకిచ్చేసిందని నేనంటాను. పెళ్లిలో వేసుకోవడానికి ఇచ్చిందని ఆయనంటాడు. అమ్మ ఏమనుకుని ఇచ్చిందో ఫొటోలో కనబడదు. తాతగారు కూడా దీనిమీద తీర్పు చెప్పలేదు. "ఇద్దరి మాటా నమ్మేలాగే ఉంది" అన్నారు. ఆ మాటకి ముందు నొచ్చుకున్నాను. ఆలోచిస్తే, మిగతావాటితో కలిపి మూటకట్టి ఉంటే దీనివల్ల మిషన్ కూడా రాకపోను. సగం సగం అనుకుందామని పోయినేడాది నేనే రాశాను. హారం ఎవరు ఉంచుకుంటే వాళ్లు రెండోవాళ్లకి సగం ధర ఇవ్వాలని. జవాబు రాలేదు.

మొన్న సంక్రాంతికి ఫోన్ మోగింది. అన్నయ్య. పిండివంటలు చేశారా, పిల్ల ఎలా చదువుతోంది, ఇలాంటివేమీ అడగలేదు.

"బంగారం రేటు చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ఎంతుంది?"

చెప్పాను. కాసేపు అవతల లెక్కలేస్తున్న చప్పుడు వినిపించింది, కాలిక్యులేటర్ మీటల చప్పుడు. "తూకం వేయించాలి" అన్నాడు. "నువ్వు వస్తే పర్లాకిమిడిలో వేయిద్దాం."